కుక్క కంట్లో పుసి తగ్గినట్టే తగ్గి మళ్లీ కడుతోందా? ముందు కన్నీరు కొలిపించండి

కుక్క కంట్లో పచ్చగా, జిగటగా పుసి కడుతుంది. యాంటీబయోటిక్ చుక్కలు వేస్తే నాలుగైదు రోజుల్లో తేటపడుతుంది. మందు ఆపిన వారం పది రోజులకు మళ్లీ మొదలు. ఈసారి ఇంకో సీసా, ఇంకాస్త ఖరీదైనది. ఇలా ఏడాది గడిచేసరికి నల్లగుడ్డు మీద గోధుమరంగు పొర పాకి, చూపు మందగించాక కానీ అసలు జబ్బు బయటపడదు. షిట్జు, పగ్, లాసా ఆప్సో, కాకర్ స్పానియల్ పెంచే ఇళ్లలో ఇది తరచూ జరిగేదే.

ఒక్క సంగతి మొదట మనసుకు పట్టించుకోవాలి. మనుషుల్లోలా కుక్కల్లో కండ్లకలక దానంతట అది వచ్చిపోయే జబ్బు కాదు. బ్యాక్టీరియా ఒక్కటే మూలంగా వచ్చే కండ్లకలక కుక్కల్లో అరుదు. మళ్లీ మళ్లీ పుసి కడుతోందంటే వెనక ఇంకో కారణం ఉందనే అనుకోవాలి. ఆ కారణాల్లో అన్నిటికంటే ముందు అనుమానించాల్సింది కన్నీరు తగ్గిపోవడాన్ని. చీటీ మీద డాక్టర్లు దీన్ని కేసీఎస్ అని రాస్తారు. పూర్తి పేరు కెరాటో కంజంక్టివైటిస్ సిక్కా.

కన్నీరు తగ్గితే పుసి ఎందుకు పెరుగుతుంది

కంటి మీద కన్నీరు మూడు పొరలుగా ఉంటుంది. లోపల జిగురు పొర, మధ్యలో నీటి పొర, పైన ఆ నీరు ఆరిపోకుండా కాపాడే సన్నటి నూనె పొర. నీటిని రెండు గ్రంథులు ఇస్తాయి. ఒకటి కంటి పైభాగంలో, రెండోది ముక్కు వైపు మూలలో దాగి ఉండే మూడో రెప్ప అడుగున. ఎక్కువ కుక్కల్లో జబ్బుకు మూలం ఏమిటంటే, ఒంటి రోగనిరోధక వ్యవస్థే ఈ గ్రంథుల మీద దాడి చేసి వాటిని మెల్లగా ఎండగొడుతుంది. నీరు తగ్గితే జిగురు పలచబడదు, కంట్లోనే చిక్కబడి దారాలుగా సాగుతుంది. సూక్ష్మజీవులను చంపే పదార్థాలు కన్నీటిలోనే ఉంటాయి కాబట్టి అవీ తగ్గుతాయి, బ్యాక్టీరియాకు అడ్డు ఉండదు. యాంటీబయోటిక్ ఆ బ్యాక్టీరియాను చంపుతుంది తప్ప కన్నీరు పుట్టించదు. మందు ఆపగానే పుసి తిరిగి రావడానికి ఇదే కారణం.

మిగతా కారణాలూ తెలిసి ఉండాలి. టీకాలు పడని కుక్కపిల్లల్లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు కన్నీటి గ్రంథులను దెబ్బతీస్తుంది. ట్రైమిథోప్రిమ్‌తో కలిపి ఇచ్చే సల్ఫా మాత్రలు కొన్ని కుక్కల్లో కన్నీరు ఎండగొడతాయి, కొన్నిసార్లు మాత్ర ఆపినా తిరిగి రాదు. షుగరు, థైరాయిడ్ తగ్గడం, ఒంట్లో స్టెరాయిడ్ హార్మోన్ ఎక్కువయ్యే కుషింగ్స్ జబ్బు ఉన్నవాటికీ ఇది తోడవుతుంది. ఇంకొకటి మనుషుల చేతుల్లోనే జరిగేది. మూడో రెప్ప గ్రంథి ఎర్రటి గుండ్రటి గడ్డలా బయటికి వచ్చే చెర్రీ ఐ అనే జబ్బుకు ఆ గ్రంథిని కోసి పారేయడం. అప్పటికి కన్ను బాగున్నట్టే ఉంటుంది, కొన్నేళ్లకు ఎండిపోతుంది. చెర్రీ ఐకి ఆపరేషన్ చేయిస్తుంటే గ్రంథిని తీసేస్తారా, లోపలికి తోసి కుట్టు వేస్తారా అని ముందే అడగండి. కుట్టడమే సరైన పద్ధతి.

ఇంట్లోనే గమనించగలిగేవి

కుక్కను కిటికీ వైపు తిప్పి నల్లగుడ్డులో కిటికీ ప్రతిబింబం చూడండి. ఆరోగ్యమైన కంట్లో కిటికీ చువ్వలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా కనబడతాయి. ఎండిన కంట్లో ఆ గీతలు చెదిరిపోయి, దుమ్ము పట్టిన అద్దంలో చూసినట్టు ఉంటాయి. పుసి పల్చటి నీరులా కారకుండా, తీయబోతే దారంలా సాగి కంటికే అతుక్కుంటుంది. తెల్లగుడ్డు ఎర్రగా కాస్త ఉబ్బి ఉంటుంది. కుక్క మాటిమాటికీ కళ్లు మూస్తుంది, ముఖం సోఫాకు రుద్దుతుంది. ముక్కు కూడా చూడండి. జబ్బు కన్ను ఉన్న వైపు ముక్కు రంధ్రం మాత్రమే ఎండి పొక్కు కట్టి ఉంటే అది నరం దెబ్బతినడం వల్ల వచ్చిన వేరే రకం. దానికి మందూ వేరే. ఈ సంగతి డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి.

షిర్మర్ పరీక్ష: ఇది లేకుండా చికిత్స మొదలుపెట్టొద్దు

జర్మన్ వైద్యుడు ఒట్టో షిర్మర్ 1903లో వివరించిన పరీక్ష ఇది. నేటికీ దీన్ని మించినది లేదు. సన్నటి కాగితం పట్టీ కొసను 5 మి.మీ. దగ్గర మడిచి కింది రెప్ప లోపల తగిలిస్తారు. సరిగ్గా ఒక నిమిషం ఉంచి, తీసిన వెంటనే ఎంత దూరం తడిసిందో చూస్తారు. 15 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువైతే మామూలు. 11 నుంచి 14 అంటే జబ్బు మొదలవుతోందని అనుమానించాలి. 6 నుంచి 10 మధ్యస్థం. 5, అంతకంటే తక్కువైతే తీవ్రం. ఈ అంకెను కుక్క కంటి స్థితితో కలిపి చూడాలి. 13 ఉండి కన్ను పుసి కడుతుంటే అది జబ్బే, 13 ఉండి కన్ను నిగనిగలాడుతుంటే నెల తర్వాత మళ్లీ కొలిస్తే చాలు.

పరీక్ష తప్పుగా రావడానికి మామూలుగా రెండు కారణాలుంటాయి. ముందే కంట్లో చుక్కలు వేయడం ఒకటి, సెలైన్‌తో కడిగిన తడి మీదే పట్టీ పెట్టడం రెండోది. కాబట్టి తీసుకెళ్లే రోజు ఉదయం కంట్లో ఏమీ వేయకండి, కడగొద్దు కూడా. పుసి ఉంటే పొడి గాజ్ గుడ్డతో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) పైపైన తుడిస్తే సరిపోతుంది. మత్తుమందు, ఆట్రోపిన్ కూడా అంకెను తగ్గిస్తాయి.

దీని తర్వాత అదే రోజు ఫ్లోరెసిన్ రంగు పరీక్ష కూడా అడగండి. నల్లగుడ్డు మీద పుండు ఉంటే ఆ చోట ఆకుపచ్చగా మెరుస్తుంది. మీ ఊళ్లో ఈ పట్టీలు దొరకకపోతే పశువైద్య కళాశాలల ఆసుపత్రులు ఉన్నాయి: హైదరాబాద్ రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం. ఒక్కసారి వెళ్లి కొలిపించుకొస్తే, ఆ అంకె పట్టుకుని మిగతా చికిత్స దగ్గరి డాక్టర్ వద్దే నడపొచ్చు.

అసలు మందు

కన్నీటి గ్రంథుల మీద దాడిని ఆపి వాటిని మళ్లీ పని చేయించేవి ముఖ్యంగా రెండు: సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్. సైక్లోస్పోరిన్ కంటికి మేలు చేస్తుందని 1980ల్లో అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయంలో రెనీ కాస్వాన్ కుక్కల మీద చేసిన పనిలో తేలింది. కుక్కల ఆయింట్‌మెంట్‌కు అక్కడ 1995లో అనుమతి వచ్చింది, మనుషుల చుక్కలకు 2002లో. కుక్కలకు పనికొచ్చాకే మనుషులకు వచ్చిన మందు ఇది.

కుక్కలకు తయారైన ఆయింట్‌మెంట్ 0.2 శాతం. దానికి లొంగకపోతే నూనెలో కలిపిన 1 లేదా 2 శాతం చుక్కలు కాంపౌండింగ్ ఫార్మసీలో, అంటే చీటీ ప్రకారం మందు కలిపి ఇచ్చే చోట, చేయించి వాడతారు. మనుషులకు అమ్మే 0.05 శాతం చుక్కలు చాలా కుక్కలకు చాలవు. నెలల తరబడి వాడి మందే పనిచేయదని వదిలేసే వాళ్లు ఈ తేడా గమనించరు. టాక్రోలిమస్ సాధారణంగా 0.03 శాతం వాడతారు. ఇక్కడ జాగ్రత్త: అదే పేరుతో, అదే శాతంతో చర్మానికి రాసే ట్యూబు కూడా షాపులో ఉంటుంది. కంటికి అని ముద్రించి ఉన్న ట్యూబు మాత్రమే కొనండి. నోటి ద్వారా ఇచ్చే సైక్లోస్పోరిన్ క్యాప్సూల్ కోసి కంట్లో వేయడం, ఇంట్లో నూనెలో కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మోతాదు మామూలుగా 12 గంటలకు ఒకసారి, రోజుకు రెండుసార్లు. ఆయింట్‌మెంట్ అయితే బియ్యపు గింజంత, అంటే సుమారు 6 మి.మీ. గీత. చుక్కలైతే ఒక్కటే. రెండో చుక్క వేసినా కంట్లో నిలవదు, చెంప మీదికి కారిపోతుంది. ఈ మందులు రోగనిరోధకతను అణచేవి కాబట్టి వేసేటప్పుడు చేతికి గ్లౌజు వేసుకోండి. గర్భిణులు వేయకపోవడమే మంచిది, తప్పకపోతే గ్లౌజు లేకుండా తాకొద్దు.

ఫలితం వెంటనే కనబడదు. కొన్ని కుక్కలకు రెండు మూడు వారాల్లో కన్నీరు పెరుగుతుంది, కొన్నిటికి 6 నుంచి 8 వారాలు పడుతుంది. ఈలోగా మందు ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తారు. మొదటి కొలత 2 మి.మీ. కంటే ఎక్కువ ఉన్న కుక్కలు బాగా లొంగుతాయి. సున్నా దాకా పడిపోయిన వాటిలో గ్రంథి మిగిలి ఉండటమే అనుమానం, అయినా ప్రయత్నించి చూడాల్సిందే. నల్లగుడ్డు మీది గోధుమ పొరను, కొత్తగా పాకిన రక్తనాళాలను తగ్గించే గుణం కూడా ఈ మందుకుంది.

కన్ను బాగుపడ్డాక ఆపేయడమే ఈ జబ్బులో అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు. మందు అదుపులో ఉంచుతుంది, నయం చేయదు. ఎక్కువ కుక్కలకు జీవితాంతం వాడాలి. ట్యూబు అయిపోవడానికి పది రోజుల ముందే ఇంకోటి తెచ్చి పెట్టుకోండి, ఇది ప్రతి షాపులో దొరికేది కాదు.

మిగతా చుక్కలు

కృత్రిమ కన్నీరు రెండోది. మొదటి రెండు నెలలూ ఇదే కంటిని కాపాడుతుంది. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ 0.5 లేదా 1 శాతం, సోడియం హైలురోనేట్ 0.1 నుంచి 0.2 శాతం ఉన్నవి మనుషుల మందుల షాపులోనే దొరుకుతాయి. హైలురోనేట్ ఎక్కువసేపు నిలుస్తుంది, ధర ఎక్కువ. రోజుకు 4 నుంచి 6 సార్లు వేయాలి కాబట్టి మందు చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ లేని సీసా ఎంచుకోండి. అన్నిసార్లు వేస్తే ఆ రసాయనమే నల్లగుడ్డు పైపొరను తినేస్తుంది. రాత్రి పడుకునే ముందు మాత్రం చిక్కటి జెల్ వేస్తే తెల్లారేదాకా నిలుస్తుంది. కన్నీరు 15 దాటి నిలకడగా ఉన్నాక వీటిని తగ్గించొచ్చు, సైక్లోస్పోరిన్‌ను కాదు.

యాంటీబయోటిక్ పుసి పచ్చగా ఉన్నన్నాళ్లే, డాక్టర్ చెప్పినన్ని రోజులే. మామూలుగా 7 నుంచి 10 రోజులు. టోబ్రామైసిన్ 0.3 శాతం వంటివి ముందు వాడి, మోక్సిఫ్లోక్సాసిన్ వంటి గట్టివి పుండు వచ్చినప్పటికి దాచుకోవడం మంచిది. వారం వాడినా తగ్గకపోతే సీసా మార్చకండి. పుసి శాంపిల్ (స్వాబ్) తీసి, అందులో ఏ బ్యాక్టీరియా ఉందో తేల్చే కల్చర్ పరీక్షకు పంపమనండి. కొత్త మందు మొదలుపెట్టకముందే ఆ శాంపిల్ తీయాలి.

ఇక స్టెరాయిడ్ చుక్కలు. డెక్సామెథాసోన్, ప్రెడ్నిసోలోన్, లోటెప్రెడ్నాల్ యాంటీబయోటిక్‌తో కలిపి ఒకే సీసాలో వస్తాయి. పేరు చివర "డి" అని, "డెక్సా" అని ఉంటే చాలావరకు అదే. పేరు ఎలా ఉన్నా సీసా వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న కూర్పు చదవండి. వేసిన పూటే ఎరుపు తగ్గుతుంది కాబట్టి మంచి మందనిపిస్తుంది. కానీ ఎండిన కంట్లో పుండు పడటం తేలిక. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే నల్లగుడ్డు కరిగి చిల్లు పడొచ్చు. ఫ్లోరెసిన్ పరీక్ష చేసి పుండు లేదని తేలాక, డాక్టర్ రాస్తే తప్ప ఇది కుక్క కంట్లో వేయకూడదు. ఇంట్లో ఎవరికో కండ్లకలక వచ్చినప్పుడు మిగిలిన సీసా అసలే వద్దు. ఎరుపు పోగొట్టే నాఫాజోలిన్ చుక్కలు కూడా వద్దు.

తల్లిపాలు, ఆముదం, తేనె, పన్నీరు (రోజ్ వాటర్), నందివర్ధనం పూల రసం కంట్లో పిండటం మన ఇళ్లలో ఉన్న అలవాటే. ఇవేవీ సూక్ష్మజీవులు లేకుండా తయారైనవి కావు. పైపొర పలచబడిన కంట్లో వీటితోనే కొత్త ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది.

రోజువారీ పని

ఉదయం 7కు, రాత్రి 7కు అనుకుందాం. 0.9 శాతం నార్మల్ సెలైన్‌ను అరచేతి వెచ్చదనానికి తెచ్చి, గాజ్ గుడ్డ ముక్క తడిపి, మూసిన కంటి మీద ఒక నిమిషం ఉంచండి. ఎండిన పుసి నానుతుంది. లాగి పీకితే వెంట్రుకలూ, చర్మమూ వస్తాయి, కుక్కకు ఆ తర్వాత మీ చెయ్యి చూస్తేనే భయం. ముక్కు వైపు మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ ముక్క పారేయండి. రెండో కంటికి కొత్త ముక్క. దూది వాడితే పోగులు నల్లగుడ్డుకు అతుక్కుంటాయి. తర్వాత కృత్రిమ కన్నీరు ఒక చుక్క వేసి, 5 నిమిషాలు ఆగి, యాంటీబయోటిక్ ఉంటే అది వేయాలి. ఇంకో 5 నుంచి 10 నిమిషాలకు సైక్లోస్పోరిన్. నీళ్లలా ఉన్నది ముందు, జిడ్డుగా ఉన్నది చివర. ఆయింట్‌మెంట్ ముందు పెడితే ఆ జిడ్డు మీద పడ్డ చుక్కలు జారిపోతాయి. పుసి మీదే మందు వేసినా అంతే, మందు కంటికి చేరదు.

వేసే పద్ధతి: కుక్కను మీ మోకాళ్ల మధ్య, దాని వీపు మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. ఎడమ చేత్తో గడ్డం కింద పట్టి ముఖం కొద్దిగా పైకెత్తండి. కుడి చెయ్యి తల వెనక నుంచి రావాలి, ఎదుటి నుంచి సీసా వస్తుంటే చూసి తప్పించుకుంటుంది. కుడి అరచెయ్యి అంచు నుదుటి మీద ఆనించి, చిటికెన వేలితో పై రెప్ప పైకి లాగి, రెండు సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదలండి. సీసా మూతి కంటికీ, వెంట్రుకలకూ తగలకూడదు. పగ్, షిట్జు, పెకింగీస్ వంటి చప్పిడి ముక్కు కుక్కలను మెడ వెనక చర్మం పట్టి గట్టిగా గుంజకండి, వాటి కనుగుడ్డు గూడు దాటి బయటికి వచ్చే ప్రమాదం ఉంది. అయిపోయిన ప్రతిసారీ ఇష్టమైన తిండి చిన్న ముక్క ఇవ్వండి. జీవితాంతం సాగాల్సిన పని ఇది, కుక్క సహకరించకపోతే మీరే నెలలో విసిగిపోతారు.

తెరిచిన సీసా మీద తేదీ రాయండి, 28 రోజులు దాటితే మిగిలినా పారేయండి. మే నెలలో కారులో, కిటికీ గట్టు మీద పెట్టిన సీసా పనికిరాదు. ఫ్రిజ్‌లో పెట్టాలా వద్దా అన్నది మందును బట్టి మారుతుంది, లేబుల్ చూడండి.

కంటి చుట్టూ వెంట్రుకలు మొద్దు కొసల కత్తెరతో రెండు మూడు వారాలకోసారి కత్తిరించాలి. దువ్వెనను కంటికీ కత్తెరకూ మధ్య అడ్డు పెట్టుకోండి. ఫ్యాన్ కింద, కూలర్ ఎదుట, ఏసీ గాలి సూటిగా తగిలే చోట పడక వేయొద్దు. సాంబ్రాణి పొగ, అగరుబత్తి, దోమల కాయిల్ ఉన్న గదిలోంచి కుక్కను పక్కకు తీసుకెళ్లండి. బండి మీద, కారు కిటికీలోంచి ముఖం బయటపెట్టించి తిప్పడం మానేయాలి.

కన్నీరు మామూలుగా ఉండి కూడా పుసి కడుతుంటే

అప్పుడు వెతకాల్సినవి వేరు. రెప్ప అంచు లోపలికి ముడుచుకోవడం, రెప్ప మీద మొలవకూడని చోట వెంట్రుక మొలిచి గుడ్డుకు రాసుకోవడం, ముక్కు మడత మీది వెంట్రుకలు తగలడం. వీటికి చుక్కలు కాదు, సర్జరీయో వెంట్రుక తీయించడమో దారి. ఒకే కన్ను హఠాత్తుగా పుసి కడితే మూడో రెప్ప వెనక గడ్డి ముల్లు ఇరుక్కుందేమో మత్తు చుక్కలు వేసి చూడమనండి. ఫ్లోరెసిన్ వేసిన ఐదు పది నిమిషాలకు ముక్కు రంధ్రంలో ఆకుపచ్చ రాకపోతే కన్నీటి నాళం మూసుకుపోయిందేమో చూడాలి. కంటి కింద చెంప వాచి ఉంటే పై దవడ పంటి వేరు చూపించండి. కళ్లతో పాటు చెవులు, పాదాలు కూడా దురద పెడుతుంటే ఎలర్జీ. రెండు కళ్లూ ఎర్రబడి లోపల మబ్బుగా ఉండి, ఒంటి మీద గోమార్లు ఉంటే టిక్ ఫీవర్‌కు రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క చేయించాలి.

అదే రోజు ఆసుపత్రికి వెళ్లాల్సినవి

కన్ను అసలు తెరవకపోవడం, నల్లగుడ్డు మీద నీలంగానో తెల్లగానో మచ్చ, గుంట, జెల్లీలా కరుగుతున్నట్టు కనబడటం, కనుగుడ్డు పెద్దదై గట్టిపడటం, ఉన్నట్టుండి చూపు పోవడం. తెల్లారేదాకా ఆగొద్దు. కరిగే పుండు ఒక్క రాత్రిలో చిల్లు దాకా పోగలదు. వెళ్లేలోగా మెడకు గరాటులాంటి కోన్ కట్టి, రుద్దుకోకుండా చూడండి.

తిరిగి చూపించడం

మొదటి కొలత తర్వాత 4 నుంచి 6 వారాలకు మళ్లీ షిర్మర్. ఈసారి సైక్లోస్పోరిన్ ఆ ఉదయం మామూలుగానే వేసి, మూడు గంటల తర్వాత పరీక్షకు వెళ్లండి, మధ్యలో ఏ చుక్కా వద్దు. మందు వాడుతున్నప్పుడు కన్నీరు ఎంత ఉందన్నదే ఇక్కడ తెలియాలి. పెరగకపోతే శాతం పెంచడమో, రోజుకు మూడుసార్లు చేయడమో, టాక్రోలిమస్‌కు మారడమో డాక్టర్ నిర్ణయిస్తారు. నిలకడ వచ్చాక 3 నుంచి 6 నెలలకోసారి చాలు. ప్రతి అంకెనూ తేదీతో, కుడి ఎడమ కళ్లు విడివిడిగా ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకోండి. డాక్టర్ మారినా ఆ పుస్తకం చూస్తే కథంతా తెలుస్తుంది.

ఒక వైపు ముక్కు ఎండే, పైన చెప్పిన నరం రకానికి పైలోకార్పిన్ చుక్కలను తిండిలో కలిపి ఇస్తారు. వాంతులు, చొంగ, విరేచనాలు వస్తే మోతాదు మించిందని అర్థం, కాబట్టి డాక్టర్ పర్యవేక్షణ లేకుండా వద్దు. ఏ మందుకూ లొంగని కళ్లకు లాలాజల నాళాన్ని కంట్లోకి మళ్లించే ఆపరేషన్ ఒకటుంది. కన్ను తడుస్తుంది కానీ తినేటప్పుడల్లా నీరు కారుతుంది, లాలాజలంలోని ఖనిజాలు నల్లగుడ్డు మీద తెల్లగా పేరుకుంటాయి. అందుకే దాన్ని ఆఖరి దారిగానే ఉంచుతారు. పళ్లు తీయడానికో, గర్భసంచి ఆపరేషన్‌కో ఈ కుక్కకు ఎప్పుడు మత్తు ఇవ్వాల్సి వచ్చినా కంటి జబ్బు సంగతి ముందే చెప్పి, మత్తులో ఉన్నంతసేపూ, ఆ తర్వాత ఒక రోజూ కంట్లో జెల్ వేయించండి.